పిక్క మీద అభయారణ్యం

పిడుదు కూడా వన్యప్రాణే అన్న సంగతి ప్రభుత్వానికి తెలియడానికి చాలా కాలం పట్టింది. తెలిశాక మాత్రం ఆలస్యం చేయలేదు.

మొదట పట్నం జనానికి ఉన్నట్టుండి అడవి మీద ప్రేమ పుట్టింది. చెట్ల మధ్య చెప్పుల్లేకుండా నడిస్తే రక్తపోటు తగ్గుతుందని ఎవరో చెప్పారు, మిగతావాళ్లు నమ్మారు. వాళ్ల కోసం రేగుమానుపల్లె అడవిలో ‘ప్రకృతి పథం’ అని ఒక బాట తెరిచారు. కొత్తగా వేసిన బాటేమీ కాదు. రేగుమానుపల్లె వాళ్లు తాతల కాలం నుంచి మేకలు తోలుకుపోయి అరగదీసిన దారే. పులికి మనుషుల వాసన పడదని ఆ ఊరిని ఊరంతా ఎత్తి హైవే పక్కన రేకుల ఇళ్లలో పడేశాక, దారి ఖాళీగానే ఉంది గదా అని రెండు వైపులా సున్నం కొట్టిన రాళ్లు పాతి టికెట్టు పెట్టారు. పులికి పట్నం వాళ్ల వాసన పడుతుందా అని ఎవరూ అడగలేదు.

నడవడానికి వచ్చినవాళ్ల కాళ్లకు రక్తం తాగే పిడుదులు పట్టాయి. గడ్డీ, దుప్పులూ ఉన్నచోట పిడుదులు పట్టకపోతేనే వింత. వాళ్లు పీకి పారేశారు. ఒక పెద్దమనిషి మాత్రం పీకినదాన్ని రాతి మీద పెట్టి నలిపి, ఫొటో తీసి అందరికీ పంపాడు. ఆ ఫొటో తిరిగి తిరిగి వన సంస్థ సంచాలకులు డాక్టర్ పరాంకుశరావు గారికి చేరింది. జీవులన్నీ సమానమే అనే విషయం మీద ఏదో దేశంలో జరిగిన సదస్సు నుంచి ఆయన అప్పుడే తిరిగొచ్చారు. ఆ సదస్సులో మేకమాంసం బాగుందని తర్వాత చాలామందికి చెప్పారు. ఫొటో చూసి ఆయన ఆ రోజు మధ్యాహ్నం నిద్రపోలేదట.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. వనంలో ఏ జీవినీ చంపరాదు, పీకరాదు, ఉన్నచోటి నుంచి కదల్చరాదు, సరిహద్దు దాటించరాదు. పరిమాణం చిన్నదైనంత మాత్రాన హక్కు చిన్నది కాదు. గేటు దగ్గర పచ్చ బోర్డు లేచింది: ‘ఈ వనం వాటిది. మీరు అతిథులు.’

రేగుమానుపల్లె సుంకన్నకు ఇవేవీ పట్టలేదు. ఆయనకు పట్టినది ఒకటే. బోర్డు లేచిన వారానికి, భార్య మద్దిలేటమ్మ పోయి ఏడాది నిండే రోజు వచ్చింది. పొద్దు గూకేలోపు ఆమె సమాధి దగ్గర కూడు పెట్టాలి.

ఊరు ఎత్తేశాక ఆమె రేకుల ఇంట్లో మూడు ఎండాకాలాలు బతికింది. పోయేముందు ఒకటే అడిగింది, నన్ను ఈ రోడ్డు పక్కన పూడ్చొద్దు, మనూరికి తీసకపో అని. సుంకన్న తీసుకుపోయాడు. అప్పటికి ఇన్ని కంచెలు లేవు. ఆ తర్వాత పాత ఊరి చోటంతా కోరు ఏరియా అన్నారు. అంటే అడవికి నడిబొడ్డు, మనిషి కాలు పెట్టరాని చోటు. సమాధికి తలవైపు ఒక రాయి నిలబెట్టుకుంటానని సుంకన్న సంస్థ ఆఫీసు చుట్టూ చెప్పులు అరిగేలా తిరిగాడు. కోరులో శాశ్వత నిర్మాణాలకు అనుమతి లేదన్నారు. రాయి పాతడం నిర్మాణమా సార్ అంటే, నేలలో పాతుకుని పైకి కనిపించేది ఏదైనా నిర్మాణమే అన్నారు. మరి చెట్లో అని సుంకన్న అడగలేదు. అడిగితే వాటినీ కొట్టేస్తారని.

ఆ రోజు ఆయన ఒక్కపొద్దు ఉండి, ఆమెకిష్టమైన బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తనే చేశాడు. ఏడాదిలో ఆయన వంట నేర్చుకోలేదు. తినడం తగ్గించుకోవడం నేర్చుకున్నాడు. ఉగ్గానిలో ఉప్పు ఎక్కువైందని నోట్లో వేసుకోకుండానే తెలిసిపోయింది, చెయ్యి జారిన సంగతి చెయ్యికి తెలుసు గనక. మళ్లీ చేసే టైము లేదు. క్యారియర్ లో సర్దుకుని బయల్దేరాడు.

గేటు దగ్గర టికెట్టు ఇచ్చే అమ్మాయి క్యారియర్ చూసింది.

“బయటి తిండి లోపలికి రాదు అంకుల్.”

“అది నాకు కాదమ్మా. నా పెండ్లానికి.”

“ఆమె ఎక్కడ? ఆమెకు టికెట్టు?”

“ఆమె సచ్చిపోయి ఏడాదైంది.”

ఆ అమ్మాయి ఎవరికో ఫోన్ చేసి, చాలాసేపు విని, పెట్టేసింది. “మృతులు సందర్శకుల నిర్వచనంలోకి రారంట. వాళ్ల తిండి మీద నిషేధం లేదంట. చెప్పులు ఇక్కడే విడిచి పోండి.”

సుంకన్న చెప్పులు విడిచాడు. పంచె మోకాళ్ల దాకా ఎగగట్టి తన దారిలో తాను టికెట్టు కొని నడిచాడు.

బాట చివర ఇనుప కంచె. దాని అవతల కోరు. కంచె ముందు ఒక రేకుల షెడ్డు, దాని ముందు గార్డు మౌలాలి. మౌలాలిది కూడా రేగుమానుపల్లే. నేను అటు తిరిగి బీడీ కాలుస్తా మామా, నువ్వు ఇటు దూరిపో అని ముందురోజు మాట ఇచ్చాడు. ఇప్పుడు చూస్తే బీడీ లేదు, కొత్త టోపీ ఉంది.

“మామా, పంచె ఇంకొంచెం ఎత్తు. వెనక్కి తిరుగు.”

“ఏం రా, సంతలో గొడ్డును చూసినట్టు చూస్తాండావు?”

“అందర్నీ చూడాల మామా. పెద్ద సారు వస్తాండాడు ఈ పొద్దు.” మౌలాలి వంగి, ఆగిపోయాడు. “అయ్యో. ఉండాది.”

ఎడమ పిక్క మీద పెసరగింజంత పిడుదు. అప్పటికే తల లోపల పెట్టి పనిలో ఉంది. సుంకన్న చెయ్యి దానంతటదే అటు పోయింది. మౌలాలి విజిల్ ఊదాడు.

“చెయ్యి తీయ్ మామా! నా ఉజ్జోగం పోతాది.”

“నా కాలు రా అది.”

“కాలు నీదే. దాన్ని పట్టుకున్నది గవర్మెంటుది.”

పిడుదు పట్టినవాళ్లను ఆ షెడ్డులో కూర్చోబెడతారు. పిడుదు కడుపు నిండి తనంతట తాను రాలిపోయేదాకా వాళ్లు వనం దాటకూడదు. దానికి ‘ఆవాస విశ్రాంతి మందిరం’ అని పేరు. లోపల చాప మీద అప్పటికే ఒకాయన ఉన్నాడు. పేరు విద్యాధర్, పట్నంలో పాదచారుల మిత్రమండలికి అధ్యక్షుడు. ఆయన మొహం పెండ్లిపందిట్లో మొహంలా వెలిగిపోతోంది.

“మీకు ఒకటేనా?” అన్నాడు. “నాకు రెండు. ఒకటి చెవి వెనక, ఒకటి చెప్పకూడని చోట. చెవి వెనకదానికి వనజ అని పేరు పెట్టాను. మొన్నటి నుంచి కలిసే ఉన్నాం.”

సుంకన్న కంచె వైపు తిరిగి కూర్చున్నాడు.

“మీరు దాన్ని పురుగు అనుకుంటున్నారు, అందుకే బాధ. ఒక సంబంధం అనుకోండి.”

“నాకు సంబంధం ఒకటే ఉండె సార్. అయిపోయింది.”

“ప్రకృతికి మనం ఇన్నాళ్లూ ఏమిచ్చాం చెప్పండి? ఒక్క చుక్క రక్తం ఇచ్చామా?” అని విద్యాధర్ ముక్కు ఎగబీల్చాడు. “ఏమిటిది, మిరపకాయ బజ్జీలా?”

సుంకన్న క్యారియర్ ను రెండో పక్కకు మార్చుకున్నాడు. కంచె అవతల, చేతికందేంత దూరంలో ఉన్నట్టు, మట్టి దిబ్బ కనిపిస్తోంది. గడ్డి మొలిచింది. పొద్దు కొండ మీదికి వంగుతోంది. ఆ గడ్డి పీకాలి, ఆకు పరచాలి, నీళ్లు చల్లాలి. ఈయనేమో వనజ గురించి చెబుతున్నాడు.

జీపులు వచ్చాయి. పరాంకుశరావు గారు దిగారు. వెనక ఒక సహాయకుడు, ఒక గొడుగు, ఒక భూతద్దం. సంచాలకులు నేరుగా సుంకన్న పిక్క దగ్గరికి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, చాలాసేపు చూశారు. సుంకన్న జీవితంలో ఏ ఆఫీసరూ ఆయన కాళ్ల దగ్గర కూర్చోలేదు.

“అద్భుతం,” అన్నారు సంచాలకులు. “ఎంత ఏకాగ్రత!”

“సార్, దాన్ని పీకేసి నన్ను పోనియ్యండి. నా పెండ్లాం సమాధి ఆ కంచె అవతలే ఉండాది. పొద్దు గూకేలోపల ఈ కూడు పెట్టాల. పెట్టి వచ్చేస్తా. ఈ పొద్దు దాటితే ఏడాది దాటినట్టే.”

సంచాలకులు లేచి ప్యాంటు దులుపుకున్నారు. అందులోంచి ఏదైనా జీవి రాలిందేమోనని సహాయకుడు వంగి చూశాడు.

“సుంకన్న గారూ, మీ మనోభావాలను సంస్థ గౌరవిస్తుంది. అయితే కోరులో మానవ ప్రవేశం సంపూర్ణంగా నిషిద్ధం. ఇది మొదటిది. ఇక రెండోది. వన్యప్రాణి ఎక్కడ ఆశ్రయం పొందుతుందో అది దాని ఆవాసం. ఆవాసం ఎక్కడుందో అది రక్షిత ప్రాంతం. కనుక ప్రస్తుతం మీ పిక్క, దాని చుట్టూ పది అడుగుల రక్షణ వలయం, కోరుతో సమాన హోదా కలిగి ఉన్నాయి.”

“పిక్క మటుకేనా సార్?”

“పది అడుగుల వలయం అన్నాను కదా. మీ ఎత్తు ఎంత?”

“ఐదున్నర.”

“అయితే మీరు పూర్తిగా లోపలే ఉన్నారు.”

“అంటే నేను మనిషిని కాదా?”

“మనిషి అనేది సంకుచితమైన మాట,” అన్నారు సంచాలకులు ఆప్యాయంగా. “మీరు ఇప్పుడు ఒక సంచార అభయారణ్యం.”

విద్యాధర్ చప్పట్లు కొట్టాడు. సంచాలకులు వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. అభయారణ్యంలో చప్పుడు చేయకూడదు. తాము రక్షణ వలయంలో అనుమతి లేకుండా నిలబడ్డామని ఆయనకు అప్పుడే తోచింది. “వెనక్కి! అందరూ పది అడుగులు వెనక్కి!” అని గుసగుసగా ఆజ్ఞాపించారు. మౌలాలి కర్రతో నేల మీద గుండ్రంగా గీత గీశాడు. మధ్యలో సుంకన్న, క్యారియర్ మిగిలారు.

సహాయకుడికి ఒక సందేహం వచ్చింది. “సార్, కోరులో నివసిస్తున్న మనిషిని నిబంధన ప్రకారం...”

“తరలించాలి.” సంచాలకులు ఆలోచించారు. “నిజమే. ఈ పిక్కలో సుంకన్న గారు అనాదిగా నివసిస్తున్నట్టు కనిపిస్తోంది. తరలింపు అనివార్యం.”

“నా కాల్లోంచి నన్ను తీసేస్తారా?” అన్నాడు సుంకన్న.

“తగిన పునరావాసం కల్పిస్తాం.”

“ఒకసారి కల్పించినారు లే సార్. రేకులది. మధ్యాన్నం పూట గోడకు ఆనుకుంటే వీపు కాలుతాది. నా పెండ్లాం మూడేండ్లు ఓర్చుకున్యాది.”

గీత అవతల మౌలాలి కొత్త టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. తరలింపు విషయం అధ్యయనానికి పంపుతున్నట్టు సంచాలకులు ప్రకటించి, వేరే సంగతిలోకి వెళ్లారు.

“ఆవాసం ఉదయం నుంచి ఏం తిన్నది?”

“ఒక్కపొద్దు ఉండా సార్. ఆమెకు పెట్టినాకనే తినేది.”

సంచాలకుల మొహం మారిపోయింది. “ఉపవాసమా? ఆవాసం నీరసిస్తే ప్రాణి గతి ఏమిటి? ఇది కరువుతో సమానం. మీ దగ్గర ఆహారం ఉంది కదా, వెంటనే తినండి.”

“అది నాది కాదు.”

“ఆహారం అందుబాటులో ఉండి కూడా అభయారణ్యాన్ని ఎండబెట్టడం విధ్వంసం కిందికి వస్తుంది. గార్డ్, క్యారియర్ తెరిచి తినిపించు.”

మౌలాలి ఒక అడుగు వేశాడు. గీత దగ్గర ఆగిపోయాడు. లోపల అడుగు పెడితే చొరబాటు.

“మామా, నువ్వే తెరువు,” అన్నాడు బతిమాలుతూ.

“నువ్వే రా రా. రా చూద్దాం.”

“నేనెట్లా వస్తా మామా? అది కోరు.”

సుంకన్న ఆ గీతను చూశాడు. గీత అవతల వరసగా నిలబడ్డవాళ్లను చూశాడు. సంచాలకులు, గొడుగు, భూతద్దం, టోపీ. అందరి కాలివేళ్లూ గీతకు అవతలే ఆగి ఉన్నాయి. ఊరు ఖాళీ చేయించిన రోజు ఇట్లాంటి మనుషులే గడపలు దాటి, పొయ్యి దగ్గరిదాకా వచ్చి, మద్దిలేటమ్మ చేతిలోని రొట్టెల పెనం లాగి బండిలో వేశారు. ఆ రోజు ఆమె చుట్టూ ఎవరూ గీత గీయలేదు. అప్పుడు వాళ్లింట్లో ఉన్నది మనుషులే మరి.

ఆయన లేచాడు. క్యారియర్ చేతికి తగిలించుకున్నాడు. గీతకు అవతల ఉన్నవాళ్లు ఒక అడుగు వెనక్కి జరిగారు.

“సార్, నేనిప్పుడు కోరు అంటిరి కదా?”

“నిస్సందేహంగా.”

“ఆ కంచె అవతలిది గూడా కోరే కదా?”

“అవును.”

“కోరు పోయి కోరులో కలిస్తే తప్పేముంది?”

సంచాలకులు ఒకసారి కంచెను, ఒకసారి సుంకన్న పిక్కను చూశారు. ఒక వాదన తనదే అయినప్పుడు దాన్ని మధ్యలో వదిలేయడం ఆయనకు చేతకాదు. చివరిదాకా పోవడం వల్లే ఆయనకు ఆ పదవి వచ్చింది. ఆయన కళ్లు మెల్లగా తడి అయ్యాయి.

“అనుసంధానం!” అన్నారు గొంతు తగ్గించి. “విడిపోయిన రెండు రక్షిత ప్రాంతాల సహజ అనుసంధానం! నా సర్వీసులో దీని కోసం ఎన్ని ప్రతిపాదనలు పంపాను! గేటు తెరవండి. ఆవాసానికి దారి ఇవ్వండి.”

మౌలాలి తాళం తీశాడు. తీస్తూ, తల ఎత్తకుండానే, “బిరీన పో మామా,” అన్నాడు.

సుంకన్న నడిచాడు. వెనక పది అడుగుల ఎడంగా సంస్థ అంతా చెప్పులు చేత పట్టుకుని, దగ్గు వస్తే మింగుకుంటూ నడిచింది. సమాధి దగ్గర ఆయన గడ్డి పీకాడు. గడ్డి పీకడం నేరమే గానీ, అభయారణ్యం తనలోని గడ్డిని తాను పీక్కుంటే ఏ సెక్షన్ వర్తిస్తుందో వెనకవాళ్లు తేల్చుకోలేకపోయారు. ఆకు పరిచాడు. ఉగ్గాని పెట్టాడు, పక్కన బజ్జీలు పెట్టాడు, చుట్టూ నీళ్లు తిప్పాడు. పొద్దు ఇంకా కొండ అంచున ఉంది.

అప్పుడు కూర్చున్నాడు. మేకలు తోలుకుని ఇంటికొచ్చిన ప్రతి సాయంత్రం అరుగు మీద ఇట్లాగే కూర్చునేవాడు. కాలు ఇట్లా పెట్టు అనేది ఆమె. రెండు గోళ్ల మధ్య పట్టి, ఒక్క లాగు లాగి, నిప్పుల్లో వేసేది. అడివంతా ఇంటికి మోసుకొస్తావు అని తిట్టేది. ఈ ఏడాదిలో ఆయనను అంత బాగా తిట్టినవాళ్లు లేరు.

ఆయన ఎడమకాలు దిబ్బ వైపు చాపాడు.

“ఇదో మే,” అన్నాడు. “తెచ్చినా అడివిని.”

రెండు గోళ్లు, ఒక్క లాగు. చేతికందిన రాయి మీద పెట్టి ఇంకో రాయితో నలిపాడు.

పది అడుగుల అవతల నుంచి ఆయన వీపే కనిపించింది. చప్పుడు మాత్రం వినిపించింది. సంచాలకులకు అది తుపాకి పేలినట్టు వినిపించిందట. అభయారణ్యం అంతరించింది గనక ఇప్పుడు విజిల్ ఊదవచ్చునని సహాయకుడు గుర్తు చేశాడు. మౌలాలి ఊదాడు. చాలా మెల్లగా ఊదాడు.

విచారణ ఘనంగా జరిగింది. ప్రాణి పోయిన క్షణంలోనే సుంకన్న మళ్లీ మనిషి అయిపోయాడనీ, అంటే అదే క్షణంలో కోరులో మనిషి అక్రమంగా పుట్టుకొచ్చాడనీ సంఘం తేల్చింది. విద్యాధర్ సాక్ష్యం చెబుతూ ఏడ్చాడు. వనజ అప్పటికి రాలిపోయి, ఆయన ఒంటరిగా ఉన్నాడు. జైలు అయితే మనిషి మారడని, శిక్ష సంస్కరించేదిగా ఉండాలని సంచాలకులు పట్టుబట్టారు. ప్రతి ఏడాదీ అదే రోజున సుంకన్న నేరస్థలానికి హాజరై, అందరి ఎదుట చేతులు జోడించి పశ్చాత్తాపం ప్రకటించాలి. అక్కడ ప్రాణి స్మృత్యర్థం ఒక శిలాఫలకం నిలబెట్టాలి.

“కోరులో శాశ్వత నిర్మాణం కూడదు కదా సార్?” అన్నాడు సహాయకుడు.

“ఇది నిర్మాణం కాదు,” అన్నారు సంచాలకులు. “నివాళి.”

రాయి పాతే రోజు సుంకన్నను పిలిపించారు. ప్రాణి సరిగ్గా ఎక్కడ అసువులు బాసిందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. కచ్చితంగా చూపించమన్నారు, చరిత్రలో తప్పు దొర్లకూడదన్నారు. సుంకన్న దిబ్బ చుట్టూ ఒకసారి తిరిగి, తలవైపు నిలబడి, బొటనవేలితో నేల మీద నొక్కి చూపించాడు.

“ఈడ సార్. ఇంత మటుకు గూడా పక్కకు పోగూడదు.”

నల్లరాయి, నిలువెత్తుది. నున్నగా చెక్కి, బంగారు రంగు అక్షరాలు వేశారు. ‘ఈ స్థలంలో ఒక సూక్ష్మ వన్యప్రాణి మానవ క్రౌర్యానికి బలైనది.’ సుంకన్న ఆ అక్షరాలు కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. రాసింది ఆమె పేరు కాదు. రాయి ఉన్నది ఆమె తల దగ్గరే. ఆయనకు అది చాలింది.

మరుసటి ఏడాది సంస్థ జీపు రేకుల ఇంటి ముందుకే వచ్చింది. టికెట్టు అడిగినవాళ్లు లేరు. క్యారియర్ తెరవమన్నవాళ్లు లేరు. కంచె గేటుకు మౌలాలి ముందే తాళం తీసి పెట్టాడు. మిత్రమండలి వాళ్లు దండ తెచ్చారు. సుంకన్న ఆకు పరిచి ఉగ్గాని, బజ్జీలు పెట్టాడు. హంతకుడు తన చేతులతో వండి తెచ్చాడని సంచాలకులు పక్కవాళ్లకు చెప్పి, కళ్లద్దాలు తుడుచుకున్నారు. అందరూ మౌనం పాటించారు. సుంకన్న రాయి ముందు చేతులు జోడించి కళ్లు మూసుకుని అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. చెంపల మీద తడి కనిపించింది. పశ్చాత్తాపం సంతృప్తికరమని సహాయకుడు అక్కడికక్కడే ప్రకటించాడు.

తిరిగి వస్తుంటే సంచాలకులు ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

“మనసులో ఏమని వేడుకున్నారు సుంకన్న గారూ?”

“ఈ తూరి ఉప్పు సరిపోయిందా అని అడిగినా సార్.”

సంచాలకులు గంభీరంగా తలూపారు. ఉప్పు పిడుదులకు హానికరం కావచ్చునని దారిలో సహాయకుడు సందేహం వెలిబుచ్చాడు. మర్నాడే ఉత్తర్వు వచ్చింది, వచ్చే ఏడాది నుంచి నైవేద్యం ఉప్పు లేకుండా వండాలని.

ఆ ఉత్తర్వును సుంకన్న ఏటేటా ఉల్లంఘిస్తూనే ఉన్నాడు.